సర్ ఆర్నాల్డ్ థైలర్

పాడి, పంట అను రెండు మాటలను మన పెద్దలు జంటగానే పలుకుదురు. పైరునకు చీడ పట్టినచో ఆ యేటి గింజ పోవును. మందకు అంటురోగము తగిలినచో పాలు, ఎరువు, దుక్కి, బండి యన్నియు నొక్కమాఱుగా పోయి కుటుంబమే వీధిన పడును. అట్టి ఆపద వచ్చినపుడు జనులు మొట్టమొదట అడుగు ప్రశ్న, ఈ రోగ మెక్కడినుండి వచ్చినదని. కొందఱు పొరుగూరి సంతపైన నేరము మోపుదురు. కొందఱు అడవిపైన మోపుదురు. అడవి మృగములు నిజముగా మన మందలకు రోగము నిచ్చుచున్నవా? లేక మన మందలే వానికి రోగము నంటించుచున్నవా? ఈ ప్రశ్నకు ఊహతో గాక పరీక్షతో సమాధానము చెప్పుటకు దారి చూపిన వారిలో అగ్రగణ్యుడు సర్ ఆర్నాల్డ్ థైలర్. ఆ మహనీయుని జీవితమును మన చదువరులకు సంగ్రహముగా తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జననము, విద్య

థైలర్ 1867వ సంవత్సరము మార్చి 26వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి ఫ్రిక్ అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. ఆ దేశము కొండలకును పచ్చికబయళ్లకును పాడియావులకును పెట్టినది పేరు. అట్టి చోట పుట్టిన బాలునకు పశువైద్యముపై మనసు పోవుట వింత గాదు. బెర్న్, జ్యూరిక్ పట్టణములలో పశువైద్యవిద్య నభ్యసించి 1889లో పట్టము నొందెను. పిమ్మట స్వదేశములోనే ఒక పల్లెపట్టున కొంతకాలము వైద్యము చేసెను గాని, విశాలమైన రంగమును కోరు ఆయన మనసునకు అది చాలలేదు. 1891లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, ఓడనెక్కి దక్షిణాఫ్రికాకు పోయి ట్రాన్స్‌వాల్ రాజ్యములోని ప్రిటోరియా నగరమును చేరెను.

ఆ కాలమున ట్రాన్స్‌వాలులో బంగారు గనులు బయటపడి కొలది యేండ్లే అయినది. యంత్రములు, తిండిగింజలు, కట్టెలు, మనుష్యులు సమస్తమును ఎద్దుబండ్లమీదను గుఱ్ఱములమీదను కంచరగాడిదలమీదను సాగవలసియుండెను. కావున పశువైద్యునకు పని కొదువ యుండదని ఆయన తలంచెను. కాని క్రొత్తవాడు, పరభాషీయుడు. పిలిచి వైద్యము చేయించుకొనువారు కరవైరి. గత్యంతరము లేక ప్రిటోరియా సమీపమున ఐరీన్ అను పెద్ద వ్యవసాయక్షేత్రమున పనికి కుదిరెను. అచ్చట గడ్డి నఱకు యంత్రములో చిక్కి ఆయన ఎడమచేయి తెగిపోయెను.

పశువైద్యునకు చేతులే కన్నులు. దూడను తల్లికడుపునుండి తీయవలెనన్నను, గుఱ్ఱపు గిట్ట నెత్తి పట్టవలెనన్నను రెండు చేతులును చాలనట్లుండును. అట్టివాడు ఒక చేయి పోగొట్టుకొని, పరదేశమున, చేతిలో సొమ్ము లేక నిలిచెను. అయినను ఆయన తిరుగుఓడ నెక్కలేదు. కృత్రిమహస్తమును తగిలించుకొని, సూక్ష్మదర్శినిని ముందిడుకొని, చేతిబలముతో చేయరాని పనిని బుద్ధిబలముతో చేయుటకు పూనుకొనెను.

1893లో బంగారు గనుల ప్రాంతమున మశూచి చెలరేగెను. టీకారసము దూరదేశములనుండి వచ్చునంతలో అనేకులు బలియగుదురు. థైలర్ స్థానికముగనే దూడలపై టీకారసమును తయారుచేసి అందించెను. దీనితో ప్రభుత్వము దృష్టి ఆయనపై పడెను. ఆ సంవత్సరమే స్వదేశీయురాలగు ఎమ్మా యెగ్గె అను యువతిని వివాహమాడెను. ఆ యిల్లాలు జీవితాంతము ఆయన కష్టములలో సగము పంచుకొనెను.

రిండర్‌పెస్టు

1896వ సంవత్సరము దక్షిణాఫ్రికా చరిత్రలో మఱపురానిది. మన రైతులు ముసర రోగమని పిలిచిన రిండర్‌పెస్టు, పశుజాతి కంతటికిని మృత్యుదేవత వంటిది. పశువునకు తీవ్రమైన జ్వరము వచ్చును. కన్నులవెంట నీరు కారును. నోరంతయు పుండ్లగును. పిదప విడువని పారుడుపట్టి కొలది దినములలో ప్రాణము పోవును. ఆసియా, ఐరోపా ఖండములకు చిరపరిచితమైన ఈ వ్యాధి 1880-90 మధ్య ఆఫ్రికా యొక్క ఈశాన్యతీరమున కాలు మోపెను. అచ్చటినుండి దక్షిణమునకు వచ్చుచు 1896 ఆరంభమున జాంబెజీ నదిని దాటెను. మఱుసటి సంవత్సరమునకు ఖండము యొక్క దక్షిణపు కొనను సమీపించెను. జాంబెజీకి దక్షిణమున మాత్రమే ఇంచుమించు ఇరువదియైదు లక్షల పశువులు మరణించినట్లు లెక్క. బులవాయో బాటపై ఎద్దులు కాడిక్రిందనే కూలగా సరకుబండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయెను. ధాన్యము వెల మిన్నంటెను. మందయే ధనముగా, మందయే పరువుగా బ్రదుకు జాతులు ఒక్క ఋతువులో నిరుపేదలైరి.

ఆ రోగము పెంపుడుపశువులతో ఆగలేదు. అడవిదున్నలు, కూడూ అను పెద్ద లేళ్లు, ఈలాండు అను దుప్పులు, జిరాఫీలు, అడవిపందులు గుంపులు గుంపులుగా నీటిమడుగుల చెంత చచ్చి పడియుండెను. దీనిని చూచిన రైతులకు ఒక భయము పుట్టెను. దారులను కాపలా పెట్టి పశువులను ఆపవచ్చును గాని మృగముల నెవ్వరాపగలరు? ప్రభుత్వములు వందలాది మైళ్ల పొడవున ముండ్లతీగ కంచెలు వేయించినవి. పోలీసులను నిలిపినవి. రోగము సోకిన మందలను, సోకునేమో అను మందలను కూడ కాల్పించినవి. అయినను రోగము ఆగలేదు. ఆరోగ్యముగానున్న తమ పశువులను కన్నులయెదుట కాల్చివేయుట చూచిన ఆఫ్రికావాసుల మనస్సులలో రగిలిన కోపము, ఆ సంవత్సరము ఎండెబెలే జాతివారు తిరుగబడుటకు గల కారణములలో నొకటి.

అట్టి సమయమున ట్రాన్స్‌వాల్ ప్రభుత్వము థైలరును రాజ్యపశువైద్యునిగా నియమించెను. నేటాలు రాజ్యమునుండి వచ్చిన వాట్కిన్స్-పిచ్‌ఫర్డ్ అను ఆంగ్లేయ పశువైద్యుడు ఆయనకు తోడయ్యెను. ఇరువురును మారికో ప్రాంతమున పరీక్షలు ప్రారంభించిరి. రోగము వచ్చి బ్రతికిన పశువునకు అది మరల రాదని రైతు లందఱకును తెలియును. అట్లయినచో ఆ పశువు రక్తమునందు రోగమును గెలిచిన శక్తి యేదో యుండవలెను. ఆ రక్తమునుండి తీసిన తేటనీటిని, అనగా సీరమును, ఆరోగ్యముగల పశువులకు ఎక్కించినచో వానికిని రక్షణ కలుగునని వారు పరీక్షలవలన కనుగొనిరి. అదే సమయమున కేప్ ప్రభుత్వము ఆహ్వానముపై జర్మనీనుండి సుప్రసిద్ధుడగు రాబర్ట్ కోక్ కింబర్లీ నగరమునకు వచ్చి, చచ్చిన పశువు పైత్యరసముతో టీకా వేయు పద్ధతిని 1897 ఫిబ్రవరిలో ప్రకటించెను. పిమ్మట ఆయన ప్లేగు పరిశోధనకై బొంబాయికి పోయెను. కోక్ కీర్తి ముందు ఇద్దఱు యువకుల పని కొంత మఱుగున పడెను. కాని సీరముతోపాటు రోగరక్తమును కూడ ఎక్కించు విధానమే తరువాత ఎక్కువ నమ్మదగినదిగా తేలి, కింబర్లీయందే ఇతరులచే చక్కచేయబడి, భారతదేశమునందును వాడుకలోనికి వచ్చెను.

కంటికి కానరాని శత్రువు

1899లో బోయరులకును ఆంగ్లేయులకును యుద్ధము మొదలయ్యెను. థైలర్ బోయరుల ఫిరంగిదళమునకు పశువైద్యుడుగా లేడీస్మిత్ ముట్టడిలో పనిచేసెను. 1900లో ప్రిటోరియా ఆంగ్లేయుల వశమయ్యెను. క్రొత్త ప్రభువులు ఆయన విలువ నెఱిగి పనిలో నుంచుకొనిరి. నగరము చెంత డాస్‌పూర్ట్ అను చోట పాతపాకలలో ఆయన పరిశోధనశాల వెలసెను. ప్రభుత్వములు మాఱినను రోగములు మాఱలేదు గనుక ఆయన పనియు మాఱలేదు.

ఆ దేశమున గుఱ్ఱములను పీడించు ఒక జాడ్యము అనాదిగా కలదు. సాయంకాలము ఆరోగ్యముగా నున్న గుఱ్ఱము మఱునాడు ఊపిరాడక, ముక్కునుండి తెల్లని నురుగు కారుచు చచ్చును. 1854-55లో కేప్ రాజ్యమున సుమారు డెబ్బదివేల గుఱ్ఱములు దీనివలన నశించినవి. 1900లో లండనునందు మాక్‌ఫాడియన్ అను పండితుడు, రోగి గుఱ్ఱపు రక్తమును సూక్ష్మక్రిములను కూడ పోనీయని పింగాణి గొట్టములో వడగట్టినను, ఆ వడగట్టిన ద్రవము రోగమును కలిగించుచునే యుండెనని నిరూపించెను. థైలర్ తన పరీక్షలతో దానిని స్థిరపఱచెను. ఇట్లు వడపోతకును చిక్కని అతిసూక్ష్మమైన రోగబీజమునే నేడు మనము వైరసు అనుచున్నాము. రిండర్‌పెస్టు కూడ వైరసు వలననే వచ్చునని 1902లో కాన్‌స్టాంటినోపులులో నికోల్, ఆదిల్‌బే అను వారు నిరూపించిరి.

థైలర్ కంచరగాడిదలకు ఈ జాడ్యము రాకుండ సీరమును వైరసును కలిపి ఎక్కించు పద్ధతిని 1905 ప్రాంతమున వాడుకకు తెచ్చెను. గొఱ్ఱెల నీలినాలుక రోగముకూడ వైరసు వలననే కలుగునని చూపి, ఆ వైరసును గొఱ్ఱెనుండి గొఱ్ఱెకు పలుమాఱులు మార్చి దాని విషము తగ్గించి టీకామందు చేసెను. ఆ టీకా ఇంచుమించు నలువదియేండ్లు వాడబడెను. తెలుగునాట గొఱ్ఱెల కాపరులకు వానకాలము తరువాత మూతులు వాచి, నోరు పుండ్లుపడి, కుంటుచు చచ్చు జీవములను చూచిన అనుభవము కలదు. ఆ రోగ మిదియే.

ఆయన తన పనియందలి లోపములను దాచువాడు గాడు. ఒక వైరసు తెగకు వేసిన టీకా వేఱొక తెగనుండి కాపాడదని తన గుఱ్ఱములు చచ్చుట చూచి తానే వెల్లడించెను. సీరము ఎక్కించిన గుఱ్ఱములలో కొన్నిటికి కొన్నాళ్లకు కాలేయము చెడి మరణము కలుగుటను కూడ ఆయనయే వర్ణించెను. ఆ వ్యాధికి నేటికిని థైలర్ వ్యాధి యనియే పేరు.

ఆండర్‌స్టెపూర్ట్

1908లో ప్రిటోరియాకు ఉత్తరమున ఆండర్‌స్టెపూర్ట్ అను చోట ఆయన కోరినట్టి పరిశోధనాలయము నిర్మింపబడెను. డాస్‌పూర్ట్ పాకలనుండి ఆ భవనమునకు మాఱిన నాటినుండి ఆఫ్రికాలో పశువైద్యమునకు ఆండర్‌స్టెపూర్ట్ అను పేరు పర్యాయపదమైనది. పిడుదుపురుగుల వలన వ్యాపించు తూర్పుతీర జ్వరము, పశువుల రక్తమును చెఱచు అనాప్లాస్మా, చచ్చిన జంతువుల యెముకలు కొఱుకుటవలన పశువులకు వచ్చు పక్షవాతము వీని మర్మములు అచ్చట తేలెను. ఈ చివరిదానికి మూలము నేలయందు భాస్వరము కొఱతపడుటయే. ఎముకలపొడి మేతలో కలిపి పెట్టి ఆ రోగము రాకుండ నివారింపవచ్చునని తేలెను. తూర్పుతీర జ్వరమును కలిగించు జీవికి శాస్త్రజ్ఞులు థైలేరియా అని ఆయన పేరే పెట్టిరి. 1914లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1920లో అచ్చట పశువైద్యకళాశాల స్థాపింపబడగా ఆయనయే తొలి యధ్యక్షుడయ్యెను.

అడవి చేసిన నేర మెంత?

ఇక మన మొదటి ప్రశ్నకు వత్తము. ఆ దేశపు రైతులకు చిరకాలముగా ఒక నమ్మకముండెను. విల్డెబీస్టు అను అడవిమృగములు మేసిన చోట ఆవులు మేసినచో వానికి జ్వరము వచ్చి, ముక్కునుండి చీమిడి ధారగా కారి, కన్నులు మసకబాఱి చచ్చునని వారు చెప్పుచుండిరి. చదువుకొన్నవారు దీనిని పల్లెటూరి కథగా త్రోసివేయవచ్చును. ఆండర్‌స్టెపూర్ట్ అట్లు చేయలేదు. థైలర్ అధ్యక్షతలో మెట్టమ్ అను పరిశోధకుడు ఏ జబ్బును లేక గంతులువేయుచున్న విల్డెబీస్టు రక్తమును తీసి ఆవులకు ఎక్కించెను. ఆ ఆవులకు సరిగా అదే రోగము వచ్చెను. 1923లో ఈ సంగతి ప్రకటింపబడెను. రోగము చిహ్నమేమియు చూపక, రోగబీజమును మోయు జంతువు ఒకటి యుండగలదని దీనివలన స్పష్టమయ్యెను. విల్డెబీస్టు ఈనిన కాలమున దాని పిల్లలనుండియే ఈ వైరసు ఎక్కువగా వెలువడునని పిదప తెలిసినది. ఆ ఋతువున మందలను దూరముగా తోలుకొనిపోవు మసాయి కాపరుల ఆచారము దీనికి సరిపోవుచున్నది.

ఇట్టివి మఱికొన్ని గలవు. కెన్యాలో పెంపుడుపందులను ఊడ్చివేసిన పందిజ్వరము, అచ్చటి వార్ట్‌హాగ్ అను అడవిపందులయందు వానికి హాని చేయకయే నిలిచియుండునని 1921లో మాంట్‌గోమరీ వ్రాసెను. ఆ పందుల బొఱియలలో నుండు పిడుదులు దానిని మోయునని 1960-70 మధ్య తెలిసినది. ఆ జ్వరమే 2020లో మన దేశమున అస్సాము, అరుణాచలములకు వచ్చెను. బ్లెస్‌బక్ అను లేడి నీలినాలుక వైరసును మోయునని 1933లో ఆండర్‌స్టెపూర్టునందే నీట్జ్ చూపెను. నీలినాలుకను, గుఱ్ఱపు జాడ్యమును వ్యాపింపజేయునవి రాత్రివేళ కుట్టు చిన్న దోమజాతి యీగలని 1944లో అచ్చటి దు తోయిట్ నిరూపించెను. గుఱ్ఱపు జాడ్యమునకు చారలగుఱ్ఱము ఇల్లు వంటిది. 1987లో ఆఫ్రికానుండి స్పెయిను దేశపు జంతుప్రదర్శనవనమునకు తెచ్చిన చారలగుఱ్ఱములవెంట ఆ జాడ్యము అచ్చటి గుఱ్ఱములకు సోకెను. గాలికుంటు వ్యాధి యొక్క కొన్ని ఆఫ్రికా తెగలు అడవిదున్నల గొంతులలో సంవత్సరములకొలది దాగియుండును.

కావున అడవి నిర్దోషి యనుటకు వీలులేదు. కాని అన్ని రోగములకును అడవియే కారణమనుటయు అంతకంటె పెద్ద పొరపాటు. రిండర్‌పెస్టు కథ ఇందుకు సాక్ష్యము. అది అడవిలో పుట్టినది గాదు. పశువులతో ఓడలలో వచ్చి, ఎద్దుబండ్ల బాటల వెంబడి నడచి, నీటిరేవులలో మృగములకు సోకినది. 1960 ప్రాంతమున తూర్పాఫ్రికాలో ప్లౌరైట్ తయారుచేసిన టీకాను మందలకు వేసిరి. మృగములకు ఎవ్వరును టీకా వేయలేదు. అయినను సెరెంగెటీ మైదానములలో 1963 నాటికి విల్డెబీస్టు పిల్లలలో ఆ రోగము మాయమాయెను. రెండు మూడు లక్షలుగా నున్న ఆ మృగములు 1980 నాటికి పదిలక్షలు దాటెను. పశువులలో రోగము ఆగగానే మృగములలోను ఆగెననగా, రోగమును నిలుపుకొనియున్నవి పశువులే గాని మృగములు గావని తేలినది. మన దేశమందును 1968లో మైసూరు, నీలగిరి ప్రాంతపు బండిపూర్, ముదుమలై అడవులలో అడవిదున్నలు ఈ వ్యాధితో పెద్దసంఖ్యలో నశించెను.

ఈ తారతమ్యము తెలియకుండుటవలన కలుగు హాని స్వల్పము గాదు. ట్సెట్సె యీగ మోయు నిద్రరోగపు జాతి వ్యాధి, వైరసు వలన రానిదైనను, మృగములనుండి పశువులకు వచ్చునను కారణముచే దక్షిణ రొడీషియాలో 1932 మొదలు మూడు దశాబ్దములలో లక్షలకొలది మృగములను కాల్చివేసిరి. ఏ రోగమునకు మృగము దాత, ఏ రోగమునకు మృగము బాధితురాలు అను విచారణ లేనిచో తుపాకియే వైద్యు డగును.

అవసానము

థైలర్ 1927లో ఉద్యోగమును విరమించెను. అటుపిమ్మటను పరిశోధన మానక, 1936 జూలై 24వ తేదీన లండను నగరమున స్వర్గస్థుడయ్యెను. ఆయన సంతానము నలుగురు. కుమార్తెలలో గెర్ట్రూడ్ పిడుదుపురుగుల శాస్త్రమునందు పేరుపొందిన పండితురాలు. కనిష్ఠపుత్రుడు మాక్స్ 1937లో పచ్చజ్వరమునకు టీకా కనుగొని 1951లో నోబెల్ బహుమానము నందెను. ఆ పచ్చజ్వరమును అడవి కోతులయందును వ్యాపించు వైరసు వ్యాధియే. తండ్రి పశువుల విషయమున పట్టిన దారినే కుమారుడు మనుష్యుల విషయమున నడచెను.

థైలర్ యౌవనమున ఎదిరించిన రిండర్‌పెస్టు నేడు భూమిమీద లేదు. మన దేశమున కడపటిసారి 1995లో కనిపించెను. ప్రపంచమున దాని చివరి జాడ 2001లో కెన్యాదేశపు మేరూ వనమునందలి అడవిదున్నలలో దొరకెను. అడవి మృగములను గమనించుటవలననే ఆ కడపటి జాడయు చిక్కినది. 2011లో ఆ వ్యాధి లోకమునుండి పూర్తిగా తొలగిపోయినదని ప్రకటించిరి. మనుష్యుల మశూచి తరువాత మానవప్రయత్నముచే నిర్మూలమైన రోగము ఇది యొక్కటియే.

విద్యార్థులారా! మీలో అనేకులు పాడిగల యిండ్లనుండి వచ్చినవారు. కొందఱి యూళ్లు అడవుల ప్రక్కనే యున్నవి. మందలో జ్వరము పొడసూపినపుడు ఆ పశువులను అడవివాగునకు తోలక వేఱుగా కట్టివేయుడు. చచ్చిన కళేబరమును అడవిలో పాఱవేయక లోతుగా పూడ్చిపెట్టుడు. పందియో దుప్పియో గుంపుగా చచ్చి పడియుండుట చూచినచో ముట్టుకొనక పశువైద్యునకు కబురు చేయుడు. విల్డెబీస్టును గూర్చి పామరులైన కాపరులు చెప్పిన మాట నిజమని ఆండర్‌స్టెపూర్టులో తేలినట్లు, మీ యింటి పెద్దలు పశువులను గూర్చి చెప్పు మాటలలోను పరీక్షకు తగినవి ఎన్నియో యుండును. వానిని శ్రద్ధగా విని, వ్రాసికొని, నిజానిజములు తేల్చువారు మీలోనుండియే రావలెను.